స్పెక్ ఏ పద్ధతిలో రాయాలి? ఐదేళ్ల తర్వాత తెరిచే మనిషి కోసం ఒక పోలిక

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న వ్యాపారాలకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది తీసుకుని బట్టల కొట్టు బిల్లింగో, అప్పడాల యూనిట్ స్టాకో, రైస్ మిల్లు పద్దులో చేస్తుంటారు. పని ఒప్పుకున్న రోజునే వచ్చే ప్రశ్న ఒకటుంది. స్పెక్‌ని, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో చెప్పే రాతని, పెద్ద డాక్యుమెంటుగా రాయాలా, ఒక్కో పనికి రాసుకునే చిన్న టికెట్లు సరిపోతాయా, ఉదాహరణలతో రాయాలా, లేక కోడే చెబుతుందిలే అని వదిలేయాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. స్పెక్ రాసేటప్పుడు మనం సాఫ్ట్‌వేర్ కట్టే నాలుగు నెలల గురించే ఆలోచిస్తాం. దాన్ని ఎక్కువసార్లు తెరవాల్సి వచ్చేది మాత్రం ఆ తర్వాతి ఏళ్లలో, అప్పటికి కట్టినవాళ్లు అక్కడ లేనప్పుడు. మన జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. కాస్త చెయ్యి తిరిగిన కుర్రాడికి వైజాగ్‌లోనో, హైదరాబాద్‌లోనో, భువనేశ్వర్‌లోనో ఉద్యోగం వస్తుంది, వెళ్లిపోతాడు. షావుకారు, గుమాస్తా, సాఫ్ట్‌వేర్ ఇక్కడే మిగులుతారు. కొత్తగా వచ్చినవాడు తెరిచి చూసినప్పుడు "ఇది ఇలా ఉంది" అన్నదొక్కటే కనబడితే చాలదు, "ఎందుకు ఇలా ఉంది" అన్నది కూడా కనబడాలి. ఏ పద్ధతి ఎంచుకోవాలో దీన్నిబట్టే తేలుతుంది.

పోల్చడానికి రెండు రూల్స్

గాల్లో పోలిస్తే ఏదీ తేలదు కాబట్టి, బరంపురంలో ఒక బట్టల కొట్టు బిల్లింగ్ తీసుకుందాం. అందులో రెండే రూల్స్ చూద్దాం.

మొదటిది రాష్ట్రం గొడవ. కొట్టు ఒడిశాలో ఉంది, జీఎస్టీ కోడ్ 21. కొనడానికి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి కూడా వస్తారు, వాళ్లది ఆంధ్రప్రదేశ్, కోడ్ 37. సరుకు ఏ రాష్ట్రంలో సరఫరా అయినట్టు లెక్క అన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది. కొట్టు ఉన్న రాష్ట్రమే అయితే బిల్లు మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) రెండూ పడతాయి, వేరే రాష్ట్రమైతే ఐజీఎస్టీ ఒక్కటే పడుతుంది. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పటి నుంచి కౌంటర్ మీద చేతికిచ్చిన సరుకుని లోకల్ అమ్మకంగానే లెక్కకట్టేవారు. 2023 అక్టోబర్ 1 నుంచి ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10లో కొత్త క్లాజు వచ్చింది. కొన్నవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే, బిల్లు మీద రాసిన అడ్రసు ఏ రాష్ట్రానిదైతే సరఫరా ఆ రాష్ట్రంలోనే. అడ్రసు రాయకపోతే అమ్మినవాళ్ల రాష్ట్రం. ఉత్త రాష్ట్రం పేరు రాసినా అడ్రసు రాసినట్టే.

రెండోది రెడీమేడ్ బట్టల రేటు. ఒక్కో బట్ట అమ్మకం విలువ 1000 రూపాయలు మించకపోతే 5 శాతం, మించితే 12 శాతం అని చాలాకాలం నడిచింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత 2500కి జరిగింది. దాని లోపల 5 శాతం, దాటితే 18 శాతం. పట్టుచీర కుట్టిన బట్ట కాదు, గుడ్డ కిందికి వస్తుంది. అందుకని మన బరంపురం పట్టు ఎంత ఖరీదైనా దానికి ఈ గీతతో పనిలేదు, 5 శాతమే.

ఈ రెండు రూల్స్ ఒక్కో పద్ధతిలో ఎలా కనబడతాయో, రూలు మారిన రోజున ఏమవుతుందో చూద్దాం.

పెద్ద డాక్యుమెంట్

రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ అనగానే చాలామందికి గుర్తొచ్చే నమూనా, ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ ఇచ్చిన 830 నెంబరు ప్రమాణం. 1984లో వచ్చి, 1998లో సవరణ జరిగి, 2011లో 29148 అనే అంతర్జాతీయ ప్రమాణంలో కలిసిపోయింది. కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టులకి ఇంకా దాని పాత అధ్యాయాలే నడుస్తున్నాయి. ప్రతి అవసరానికీ ఒక నెంబరు ఉంటుంది. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది స్పష్టంగా రాస్తారు. ప్రభుత్వ శాఖకో, సహకార బ్యాంకుకో, టెండరుతో వచ్చిన పనికో ఇది కావాలి. రేపు "మేం అడిగింది ఇది కాదు" అని వాళ్లంటే, 3.4.2 చూడండి అని చూపించగలగాలి. ఆ పని ఇంకే పద్ధతీ ఇంత బాగా చెయ్యదు.

చిక్కు ఎక్కడంటే, మన మొదటి రూలు ఇందులో ఇలా పడుతుంది: "కౌంటర్ అమ్మకములకు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ విధించవలెను." అక్కడితో సరి. 2023 తర్వాత ఈ వాక్యం చదివినవాడికి ఇది చట్టమా, షావుకారు కోరికా, టైము లేక పాత టీమ్ తీసుకున్న అడ్డదారా అన్నది తెలియదు. చట్టమైతే మార్చాలి. షావుకారు కోరికైతే ఆయన్ని అడగాలి. అడ్డదారైతే సంతోషంగా పీకెయ్యొచ్చు. తెలియనివాడు భయపడి దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకో షరతు తగిలిస్తాడు. ఇలా పదేళ్లు తగిలించిన సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోవాలంటే అందరికీ టెన్షనే.

ఇదే రాయాల్సి వస్తే వాక్యం కట్టుబాటు అయినా పెట్టుకోండి. రోల్స్‌రాయిస్‌లో పనిచేసిన అలిస్టర్ మావిన్, ఆయన సహచరులు 2009లో ఈఏఆర్‌ఎస్ అనే పద్ధతి ఇచ్చారు. ఏ పరిస్థితిలో, ఏది జరిగితే, సిస్టమ్ ఏం చెయ్యాలి అన్న వరస తప్పకుండా ప్రతి అవసరాన్నీ ఒక్క వాక్యంలో రాయడం. "కొన్నవారికి రిజిస్ట్రేషన్ లేనప్పుడు, బిల్లులో రాష్ట్రం నమోదైతే, సిస్టమ్ ఆ రాష్ట్రాన్ని సరఫరా స్థలంగా తీసుకోవాలి." తెలుగులో క్రియ చివరికొస్తుంది కాబట్టి ఈ వరస మనకి సహజంగానే కుదురుతుంది. "విధించవలెను" లాంటి కోర్టు భాష అక్కర్లేదు.

టికెట్లు, యూజర్ స్టోరీలు

చిన్న టీముల్లో ఎక్కువ నడిచేది ఇదే. యూజర్ స్టోరీ అంటే వాడేవాళ్ల అవసరాన్ని ఒకటి రెండు వాక్యాల్లో కార్డు మీద రాయడం. 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని పద్ధతితో వచ్చిన దీనికి రాన్ జెఫ్రీస్ 2001లో మూడు భాగాలు చెప్పారు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు మీద రాసింది గుర్తు కోసం మాత్రమే. అసలు విషయం మాటల్లో తేలుతుంది, సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షతో తేలుతుంది. నిజాయితీగా పాటిస్తే మంచి పద్ధతి. షావుకారు కొట్లో కూర్చుని మాట్లాడగలిగినంత కాలం దీన్ని మించింది లేదు.

మెయింటెనెన్స్‌కి వచ్చేసరికి రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి, సంభాషణ పోతుంది. మన దగ్గర అది ఫోన్లో, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో జరుగుతుంది. ఫోన్ మారిస్తే అదీ లేదు. రెండోది ఇంకా పెద్దది. టికెట్ చెప్పేది మార్పు గురించి, ఇప్పుడున్న స్థితి గురించి కాదు. "రెడీమేడ్ రేటు మార్చాలి", "పిల్లల బట్టల రిటర్న్ సరిచెయ్యాలి", "డిస్కౌంట్ తర్వాత రేటు చూడాలి" అని మూడేళ్లలో ఎన్నో టికెట్లు మూసేసి ఉంటాయి. ఈ రోజున రూలు ఏమిటో తెలియాలంటే అవన్నీ వరసగా కూడుకుంటూ రావాలి. ఆ కూడిక ఎవరూ చెయ్యరు, కోడ్ చూసి ఊహిస్తారు.

ఒక కొట్లో కొత్త డెవలపర్ ఇదే అడగడం విన్నాను. "ఈ డిస్కౌంట్ బిల్లు మొత్తం మీద కాకుండా ఐటెం మీద ఎందుకు పడుతోందండీ? ఎవరు పెట్టమన్నారు?" షావుకారు జవాబు: "ఆ అబ్బాయి ఉన్నప్పటి నుంచీ అలాగే వస్తోంది బాబూ. ఎందుకో ఏదో చెప్పాడు గానీ ఇప్పుడు గుర్తులేదు." ఆ కారణానికి లెక్క ఉంది. రెడీమేడ్ రేటు ఒక్కో బట్ట అమ్మకం విలువ మీద ఆధారపడుతుంది, ఆ విలువ డిస్కౌంట్ పోగా తేలేది. పన్ను కాకుండా 2700 ఉన్న కుర్తాకి పది శాతం తగ్గిస్తే 2430 అవుతుంది, అప్పుడది 5 శాతంలోకి వస్తుంది. డిస్కౌంట్ బిల్లు చివర మొత్తం మీద కొడితే కుర్తా విలువ 2700గానే ఉండిపోయి 18 శాతం పడుతుంది. ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

ఉదాహరణలే స్పెక్

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. రూలుని మాటల్లో రాసేబదులు, అంకెలతో ఉదాహరణలు రాసి, వాటినే పరీక్షలుగా నడపడం. 2008లో వచ్చిన క్యుకంబర్ అనే సాధనం దీన్ని జనంలోకి తెచ్చింది. అది చదివే గెర్కిన్ అనే రాతకి తెలుగు మాటలు కూడా ఉన్నాయి: చెప్పబడినది, ఈ పరిస్థితిలో, అప్పుడు. మన మొదటి రూలు దాంట్లో ఇలా ఉంటుంది:

చెప్పబడినది కొట్టు రాష్ట్రం కోడ్ 21
మరియు కొన్నవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు
ఈ పరిస్థితిలో బిల్లులో రాష్ట్రం కోడ్ 37 నమోదైంది
అప్పుడు బిల్లు మీద ఐజీఎస్టీ పడాలి

దీని బలం ఏమిటంటే, ఇది పాతబడితే వెంటనే తెలుస్తుంది. కోడ్ మారి ఉదాహరణ మారకపోతే పరీక్ష ఫెయిలై ఎర్రగా కనబడుతుంది. పెద్ద డాక్యుమెంట్ అబద్ధమైపోయినా ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి అలమరాలో ఉండగలదు, ఇది ఉండలేదు. పైగా అంకెలకి భాష అడ్డురాదు. షావుకారు తెలుగు మాట్లాడతారు, గుమాస్తా ఒడియా చదువుతారు, ఆడిటర్ ఇంగ్లీషులో రాస్తారు. ముగ్గురూ ఒకే పట్టిక మీద వేలు పెట్టి అవును, కాదు అనగలరు.

ఉదాహరణలు రాయడం మొదలుపెడితే, మాటల్లో కనబడని గుంటలు బయటపడతాయి. రెండో రూలునే తీసుకోండి. "2500 మించకపోతే 5, మించితే 18." చదవడానికి ఎక్కడా సందేహం లేదు. కానీ చాలా కొట్లలో చీటీ మీద ధర పన్నుతో కలిపే ఉంటుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ వెనక్కి లెక్కకట్టి పన్ను లేని విలువ తేల్చాలి. చీటీ మీద 2800 ఉందనుకోండి. 5 శాతం అనుకుని విడదీస్తే విలువ 2666 దాటుతుంది, అంటే 2500 మించింది, కాబట్టి 18 శాతం పడాలి. సరే, 18 శాతం అనుకుని విడదీస్తే విలువ 2373 దగ్గరకి వస్తుంది, అంటే 2500 మించలేదు, కాబట్టి 5 శాతం పడాలి. ఏ రేటు పెట్టినా ఆ రేటే తప్పని లెక్క తేలుతోంది. 2625 దాటిన దగ్గర నుంచి 2950 దాకా ఏ ధర వేసినా ఇదే గతి. ఆ మధ్యలో పన్ను కలిపిన ధర చీటీ మీద వెయ్యకూడదనో, అలాంటి ధర వస్తే సాఫ్ట్‌వేర్ ఆపి అడగాలనో ఆడిటర్‌ని కూర్చోబెట్టుకుని ముందే తేల్చుకోవాలి. తేల్చకపోతే కోడ్ రాసినవాడు ఏ "ఇఫ్" ముందు రాశాడో అదే కొట్టు పన్ను విధానం అయిపోతుంది. 2600, 2625, 2800, 2950, 3000 అని అయిదు ఉదాహరణలు రాస్తే మొదటి గంటలోనే ఇది దొరుకుతుంది. నలభై పేజీల డాక్యుమెంట్ రాసినా దొరక్కపోవచ్చు.

రిటర్నులు కూడా అంతే. 2025 ఆగస్టులో 1400 చొక్కా 12 శాతంతో అమ్మారు. అక్టోబర్‌లో వెనక్కి తెచ్చారు. అప్పటికి అదే చొక్కాకి రేటు 5 శాతం. వెనక్కి తీసుకున్న సరుకుకి ఇచ్చే క్రెడిట్ నోట్ మాత్రం పాత బిల్లు రేటుతోనే, 12 శాతంతో వెళ్లాలి. ఈ ఒక్క ఉదాహరణ స్పెక్‌లో ఉంటే, రేటుని ఒక గడిలో పెట్టి మార్చేస్తే సరిపోదని, ఏ తేదీ నుంచి ఏ రేటు అన్న పట్టిక కావాలని డెవలపర్‌కి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇంత నచ్చినా, ఉదాహరణలు కారణం చెప్పలేవు. 2800 దగ్గర సిస్టమ్ ఆగి అడుగుతుందని చెబుతాయి, ఎందుకు ఆగాలో చెప్పవు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. "ఈ బటన్ నొక్కితే, ఆ పెట్టె తెరుచుకుంటే" అని స్క్రీన్ గురించి రాసిన ఉదాహరణలు వందల్లో పేరుకుంటే, స్క్రీన్ మారినప్పుడల్లా అన్నీ తిరగరాయాలి. రూలు గురించి రాయండి, బటన్ల గురించి వద్దు.

నిర్ణయాల చీటీలు

మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతి. ఒక్కో ముఖ్య నిర్ణయానికి ఒక చిన్న ఫైలు. పరిస్థితి, నిర్ణయం, దాని పర్యవసానాలు. పాతదాన్ని దిద్దకూడదు. మారితే కొత్త చీటీ రాసి, పాతదాని మీద "ఫలానా దానితో రద్దు" అని పెట్టాలి. పెట్టుబడి చాలా తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. ఈ ఏడాది మీ టీమ్‌లో ఒక్కటే అలవాటు కొత్తగా తేగలరనుకుంటే ఇదే తెండి. మన కొట్టుకి ఒకటి రాస్తే ఇలా ఉంటుంది:

"కౌంటర్ బిల్లులో రాష్ట్రం అడగడం తప్పనిసరి చెయ్యలేదు. పండగ రోజుల్లో ప్రతి ఒక్కరినీ అడిగితే క్యూ ఆగిపోతుందని షావుకారు వద్దన్నారు. రాయకపోతే చట్టం ప్రకారం ఒడిశాయే అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అయితే పన్ను పడే విలువ 50,000, ఆపైన ఉంటే, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకైనా పేరు, అడ్రసు, రాష్ట్రం ఉండాల్సిందే, అక్కడ తప్పనిసరి చేశాం. ఫోన్ నెంబరు చూసి రాష్ట్రం ఊహిద్దామన్న ఆలోచన వదిలేశాం. సరిహద్దులో సిమ్ ఒక రాష్ట్రానిది, ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉండటం మామూలే."

ఆ చివరి రెండు వాక్యాలు చూడండి. వదిలేసిన ఆలోచన ఎందుకు వదిలేశామో రాయడం మిగతా పద్ధతుల్లో ఎక్కడా ఉండదు. మూడేళ్ల తర్వాత వచ్చే తెలివైన కుర్రాడికి మొదటి వారంలోనే తట్టేది సరిగ్గా ఆ ఫోన్ నెంబరు ఆలోచనే.

చీటీలతో వచ్చే ఇబ్బంది, అవి తేదీల వరసలో ఉంటాయి, విషయాల వరసలో ఉండవు. యాభై దాటాక వెతుక్కోవాలి.

ఉద్దేశం నుంచి కోడ్ దాకా అంచెలు

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసే నాన్సీ లెవెసన్ 2000లో ఇంటెంట్ స్పెసిఫికేషన్ అని ఒక పద్ధతి ప్రతిపాదించారు. విమానాలు గాల్లో ఢీకొనకుండా పైలట్‌ని హెచ్చరించే టీకాస్ 2 అనే వ్యవస్థకి దాన్ని రాసి చూపించారు. అంత పెద్ద వ్యవస్థల కోసం పుట్టిన పద్ధతి బట్టల కొట్టుకి ఎందుకు అనిపించవచ్చు. కానీ దాని వెన్నెముక చాలా మామూలు ఆలోచన. స్పెక్‌ని ఐదు అంచెలుగా రాస్తారు. పైన వ్యవస్థ ఉద్దేశం, దాని కింద అది ఆధారపడే సూత్రాలు, ఆ కింద బయటికి కనబడే ప్రవర్తన, తర్వాత లోపలి డిజైన్, చివర అమలు. ఏ అంచెలో నిలబడినా, పైకి చూస్తే "ఎందుకు" అన్నదానికి జవాబు దొరకాలి, కిందికి చూస్తే "ఎలా" అన్నదానికి దొరకాలి. అంచెల మధ్య లంకెలు స్పెక్‌లోనే రాసి ఉంటాయి.

మన కొట్టుకి కుదించి చూద్దాం. ఉద్దేశం: పన్ను లెక్క తప్పి షావుకారుకి నోటీసు రాకూడదు. సూత్రం: రేట్లు, పరిమితులు కోడ్‌లో ఉండకూడదు, అమలు తేదీతో పట్టికలో ఉండాలి, ఎందుకంటే అవి మారుతూనే ఉంటాయి. ఎంతగా అంటే, ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యాల్సిన బిల్లు) తప్పనిసరి అయ్యే టర్నోవర్ 2020 అక్టోబర్‌లో 500 కోట్లు ఉంటే 2023 ఆగస్టు నాటికి మెట్లు మెట్లుగా 5 కోట్లకి దిగింది. ప్రవర్తన: పైన రాసుకున్న ఉదాహరణలు. డిజైన్: ఏ పట్టికలో ఏముంది. అమలు: కోడ్. పై మూడూ కలిపి నాలుగైదు పేజీలు దాటవు.

ఇందులో నేను అన్నిటికంటే విలువిచ్చేది పై అంచెలో రాసే ఊహల జాబితాకి. ఏవి నిజమనుకుని ఈ సాఫ్ట్‌వేర్ కట్టాం? "కొట్టు ఒక్క రాష్ట్రంలోనే ఉంటుంది." రాసేటప్పుడు ఇది అడగక్కర్లేని విషయంలా ఉంటుంది. తర్వాత వ్యాపారం బాగుండి షావుకారు ఇచ్ఛాపురంలో బ్రాంచి పెడతారు. పట్టుమని అరగంట దూరం కూడా ఉండదు ఆయన దృష్టిలో, అదే కుటుంబం, అదే సరుకు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆ ఊహ కూలిపోయినట్టే. ఆంధ్రలో వేరే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. బరంపురం గోడౌన్ నుంచి బ్రాంచికి సొంత సరుకు పంపినా అది పన్ను పడే సరఫరాయే, ఐజీఎస్టీతో బిల్లు కొట్టాలి. విలువ 50,000 దాటితే సరుకు రవాణాకి ఈ-వే బిల్లు కూడా కావాలి. స్టాక్ ట్రాన్స్‌ఫర్ అని ఒక బటన్ పెట్టి వదిలేసే పని కాదు. ఊహ రాసి ఉండి, దాని మీద ఆధారపడ్డ సూత్రాలకీ, ప్రవర్తనకీ లంకెలు ఉంటే, ఆ రోజున కొత్త డెవలపర్ ఏయే చోట్ల చెయ్యి పెట్టాలో ఒక పూటలో చెప్పగలడు, షావుకారుకి ఎస్టిమేటు ఇవ్వగలడు. రాయకపోతే ఒక్కో తప్పూ ఒక్కో రిటర్న్ ఫైలింగ్ టైములో బయటపడుతుంది.

కష్టం కూడా ఉంది. లంకెలు నిలబెట్టడానికి క్రమశిక్షణ కావాలి. ప్రతి మార్పుకీ ఐదు చోట్ల దిద్దాలంటే చిన్న టీమ్ రెండో నెలలోనే వదిలేస్తుంది. అందుకే నాలుగు, ఐదు అంచెలు విడిగా రాయకండి. కోడ్‌లోనే ఆ భాగం పైన ఏ సూత్రం కోసం ఇది ఉందో ఒక వాక్యం రాసి వదిలేయండి.

గణిత పద్ధతులు, "కోడే స్పెక్" వాదన

లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్‌ఏ ప్లస్ లాంటి గణిత భాషల్ని అమెజాన్ తన క్లౌడ్ వ్యవస్థలకి 2011 నుంచి వాడుతోంది. అనేక యంత్రాలు ఒకేసారి పనిచేసేచోట మనిషి ఊహకి అందని వరసల్లో వచ్చే తప్పుల్ని అవి పట్టుకుంటాయి. నెట్ పోయినప్పుడు కూడా మూడు కౌంటర్లు బిల్లు కొట్టి, తర్వాత స్టాక్ కలుపుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్నవాళ్లు ఆ ఒక్క భాగానికి నేర్చుకుంటే శ్రమ వృథా కాదు. మిగతా బిల్లింగ్‌కి అవసరం లేదు. షరతులు ఎక్కువున్న రూలుకి ఒక పట్టిక వేసి, ప్రతి కలయికకీ జవాబు నింపితే చాలావరకు పని జరుగుతుంది. రిజిస్ట్రేషన్ ఉందా, రాష్ట్రం రాశారా, సరుకు చేతికిచ్చామా లారీలో పంపామా అని మూడు ప్రశ్నలు, ఎనిమిది వరసలు. నింపలేని వరసే మీ ఆడిటర్‌ని అడగాల్సిన ప్రశ్న.

ఇక "శుభ్రంగా రాసిన కోడ్ ఉంటే స్పెక్ ఎందుకు" అనేవాళ్లకి డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో చెప్పిన మాట గుర్తుచెయ్యాలి. ప్రోగ్రామ్ అంటే అసలు దాన్ని కట్టినవాళ్ల బుర్రలో ఉన్న అవగాహనే, ఆ జట్టు విడిపోతే ప్రోగ్రామ్ ప్రాణం పోయినట్టే అన్నది ఆయన వాదన. ఏ కాగితమూ ఆ అవగాహనని పూర్తిగా పట్టుకోలేదని కూడా అన్నారు. అది నిజమే. కానీ జట్టు విడిపోవడం తప్పని చోట, అందులో ముఖ్యమైన పావు వంతు కాగితం మీద మిగిలినా తర్వాతివాడికి పెద్ద దన్ను.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

ఒక్కడే డెవలపర్, ఒకే కొట్టు అయితే ఉదాహరణలు, నిర్ణయాల చీటీలు, ఊహలకి ఒక పేజీ. ఇంకేమీ వద్దు. నా దృష్టిలో మన ప్రాంతంలో పనుల్లో చాలావాటికి ఇదే సరైన కలయిక.

నలుగురైదుగురి టీమ్ ఒకే సాఫ్ట్‌వేర్‌ని పది కొట్లకి అమ్ముతుంటే, ఉద్దేశం, సూత్రాలు, ప్రవర్తన అన్న మూడు అంచెలూ విడిగా ఉండాలి. ఒక కొట్టు కోసం చేసిన మినహాయింపు అందరి రూలు అయిపోకుండా కాపాడేది సూత్రాల అంచే. టికెట్లు రోజువారీ పనికి ఎలాగూ ఉంటాయి, ఉండనివ్వండి. టికెట్ మూసేముందు అది మార్చిన ఉదాహరణో, చీటీయో స్పెక్‌లోకి ఎక్కిందా అని చూసే నియమం ఒక్కటి పెట్టుకోండి.

ప్రభుత్వ పనైతే పెద్ద డాక్యుమెంట్ తప్పదు. అందులో ప్రతి అవసరం కింద "కారణం", "ఎవరు చెప్పారు" అని రెండు గడులు మీరే కలపండి. ఎవరూ అడగరు, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

భాష సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వ్యాపారం మాటలు ఇక్కడ ఇప్పటికీ తెలుగులో నడుస్తాయి, ఆఫీసు కాగితాలు ఒడియాలో. మూడు భాషల్లో మూడు స్పెక్‌లు పెడితే మూడూ మూడు దారులు పడతాయి, అది చెయ్యకండి. ఉద్దేశం, ఊహలు షావుకారు మాట్లాడే తెలుగులో రాయండి, ఎందుకంటే అవి ఆయనవి, ఆయన చదివి సరేననాలి. ఉదాహరణలు అంకెల్లో. డిజైన్, కోడ్ వివరణ ఇంగ్లీషులో, తర్వాత వచ్చేవాడు తెలుగు రానివాడైనా కావచ్చు. ఒకే వస్తువుకి కౌంటర్‌లో ఒక పేరు, స్క్రీన్ మీద ఇంకో పేరు ఉంటే రెండూ పక్కపక్కన రాసిన ఒక పేజీ చేర్చండి.

స్పెక్ కోడ్‌తో పాటు ఒకేచోట ఉండాలి, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో విడి ఫైలుగా వద్దు. ఊహల పేజీ ప్రింటు తీసి షావుకారుకి ఇవ్వండి. ఏటా ఫిబ్రవరిలో బడ్జెట్ రాగానే, జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చినప్పుడల్లా, ఆ పేజీ ముందేసుకుని ఆడిటర్‌తో పావుగంట కూర్చోవాలి.

సాఫ్ట్‌వేర్ చేయించుకునే షావుకార్లకి కూడా ఒక మాట. ఒప్పందంలో చివరి వాయిదా డబ్బుని స్పెక్‌కి ముడిపెట్టండి. ఈ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఇంకో డెవలపర్‌ని పిలిచి, స్పెక్, కోడ్ చేతికిచ్చి, కట్టినవాళ్లని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒక చిన్న మార్పు చెయ్యమనండి. "డెలివరీ ఇంకో రాష్ట్రానికైతే బిల్లు మీద లారీ నెంబరు రావాలి" లాంటిది చాలు. ఒకటి రెండు రోజుల్లో సరైన చోట సరైన మార్పు చేశాడంటే వాయిదా ఇచ్చేయండి. చెయ్యలేకపోతే, ఎక్కడ ఆగిపోయాడో ఆ చోటు రాయించుకుని, కట్టినవాళ్ల చేత అది పూర్తి చేయించాకే ఇవ్వండి.